దగ్గు దగ్గర ఆగే పాట

నిన్న చాలా ఏళ్లకి హార్మోనియం పెట్టె తెరిస్తే కలరా ఉండల వాసన గుప్పుమంది. చిన్నప్పుడు టాటానగర్ రైల్వే క్వార్టర్లో, మా వెనకగదిలో ఇదే వాసన.

ఆ హార్మోనియం మా దొడ్డమ్మది, అంటే అమ్మ వాళ్ల అక్కది. ఒక పాట వాయిస్తుంటే ఆవిడకి ఎప్పుడూ ఒకే చోట దగ్గొచ్చేది. గాలి కొట్టే ఎడంచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది. స్వరం మూలుగుతూ ఆరిపోయేది.

ఆవిడ పోయిన ఏడాదికి, ఒక మధ్యాహ్నం, మూసిన వెనకగదిలోంచి అదే పాట వినిపించింది. అదే చోట మూలిగి ఆగింది. దగ్గు మాత్రం వినపడలేదు.

నైట్ డ్యూటీ దిగి పడుకున్న నాన్నని కుదిపి లేపాను. "నాన్నా, దొడ్డమ్మ ఆ గయీ! వచ్చేసింది!"

నాన్న తలుపు తోశారు. లోపల అమ్మ ఒక్కర్తే ఉంది, ఎడంచెయ్యి నోటి దగ్గర పెట్టుకుని.

"ఏటే అలా బెదిరిపోయేవు? అక్క నేర్పినవన్నీ మర్చిపోయేను. మళ్లీ నేర్చుకుంతన్నాను."

"మరి అక్కడెందుకు ఆపేత్తన్నావు?" అన్నాను.

"ఆపకపోతే తరవాతది గుర్తుకు రావట్నేదే."

తర్వాత ఆ పాట అమ్మే నాకు నేర్పింది. ఇప్పుడు అమ్మా లేదు.

నిన్న ఆ చోట ఆగకూడదనుకునే వాయించాను. వేళ్లు ఖాళీ అయిపోయాయి. ఎడంచెయ్యి తనంతట తనే లేచి నోటికి అడ్డం వచ్చింది. అప్పుడు మిగతా పాటంతా గుర్తొచ్చింది.