లింబాద్రి అడవికి తీసుకెళ్ళిన కత్తి

అడవి నడకల గురించి నేను రాసేవి చదివేవాళ్ళు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. అడవికి పోయేటప్పుడు కోసే పనిముట్టు ఒక్కటే పెట్టుకోవాలంటే ఏది పెట్టుకోవాలి? ఏడాదిన్నరగా నేను దీనికి జవాబు ఇవ్వలేదు. ఇదే ప్రశ్న మీద నేనూ నా మిత్రుడు లింబాద్రీ ఒక సాయంత్రమంతా వాదించుకున్నాం. చివరికి ఒకదాన్ని ఎంచుకున్నాం, దాంతోనే ఖానాపూర్ అవతలి కొండల్లోకి పోయాం. నేను తిరిగొచ్చాను. లింబాద్రి రాలేదు.

మొన్న ఫిబ్రవరిలో లింబాద్రి అక్క రాజమణి ఫోన్ చేసింది. ఆమెది వేములవాడ దగ్గర పల్లె. భర్త దుబాయిలో భవనాల పనిలో ఉన్నాడు, ఇక్కడ పొలం ఆమే చూసుకుంటుంది. "తమ్మీ, వాడు వోయిన జాగ నాకు సూపియ్యి" అన్నది. "వద్దక్కా, సూసి ఏం జేస్తవ్?" అన్నాను. "గది సూసినంక జెప్త" అన్నది. సరే పోదామన్నాను.

కరీంనగర్ నుంచి వెళ్ళేవాళ్ళు పొద్దున ఆరింటి బస్సు పట్టుకుంటే జగిత్యాల మీదుగా రెండు గంటల్లో కోరుట్ల చేరతారు. అక్క రుద్రంగి దారిలో వచ్చి కోరుట్ల బస్టాండులో నా కోసం నిలబడి ఉంది. అక్కడి నుంచి మెట్‌పల్లి, గోదావరి వంతెన, ఆ తర్వాత ఖానాపూర్. ఇంకో గంటన్నర పడుతుంది. అక్క ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుంది. నాకు అంతా కలిపి రెండు వందల లోపే అయింది. పసుపు తవ్వే రోజులు కావడంతో మెట్‌పల్లి దాకా కిటికీలోంచి ఉడుకుతున్న పసుపు వాసన వస్తూనే ఉంది. అక్క ఆ చేల వైపు చూస్తూ కూర్చుంది. ఒక్కసారి మాత్రం "ఈసారి దుంప మంచిగూరింది" అన్నది. నాకు మాత్రం ఆ సాయంత్రం వాదనే గుర్తొస్తోంది.

లింబాద్రి వేములవాడలో ఒక లాడ్జిలో కరెంటు పని చేసేవాడు. ఆ లాడ్జి మేడ మీద కూర్చుని మాట్లాడుకున్నాం. గొడ్డలైతే అన్నిటికీ పనికొస్తుంది, కానీ అడవి దారిలో గొడ్డలితో కనబడితే టేకు నరకడానికి వచ్చారని చెక్‌పోస్టు దగ్గరే ఆపేస్తారు. కొడవలి తేలికే, కానీ గడ్డికీ లేత కొమ్మకూ తప్ప మొద్దు మీద పనిచేయదు. కమ్మరి చేసిన పొట్టి కత్తి ఒకటి వాళ్ళింట్లో ఉంది. అడుగు పైన పొడవు, మంచి బరువు, తుప్పు మరకలతో నల్లగా ఉంటుంది. ఇంక దుబాయి నుంచి వచ్చిన కత్తి. కోసే అలుగు వెనక వైపు రంపపు పళ్ళు ఉన్నాయి. గుల్లగా ఉన్న పిడిలో అగ్గిపుల్లలు, సూది, గాలం దారం ఉన్నాయి. పిడి మూతకు దిక్సూచి. "ఒక్కటే దీస్కపోవాలంటివి గదరా! గిది ఒక్కటే, కని గీండ్ల ఐదున్నయి" అన్నాడు లింబాద్రి నవ్వుతూ. అతను దాన్ని తిప్పి తిప్పి చూసుకుంటుంటే నాకూ ముచ్చటేసింది, దాన్నే సంచిలో పెట్టుకున్నాం.

ఖానాపూర్ బస్టాండు ముందు ఇడ్లీ తిని ఆటో మాట్లాడుకున్నాం. కొండల కింద ఆఖరి గూడెం దాకా, సాయంత్రం మళ్ళీ తీసుకురావడానికి ఎనిమిది వందలు. ఆ గూడెం పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు రాస్తే వానాకాలంలో జనం పోతారని అక్కడివాళ్ళే వద్దన్నారు. అది పులుల అడవి హద్దుకు బయటే ఉన్నా, మేము దారిలో అటవీ చెక్‌పోస్టు దగ్గర ఎక్కడికి పోతున్నామో చెప్పి, ఆధార్ చూపించే ముందుకు కదిలాం.

ఆటో అతను మాటకారి. "జలపాతం సూడనీకా అక్కా? గిప్పుడు వోతె ఏమున్నది, సుక్క నీళ్ళుండయి. వానలల్ల రావాలె, మస్తుంటది" అన్నాడు.

"నీళ్ళు లేనప్పుడే సూద్దామని వచ్చినం" అన్నది అక్క. అతను అద్దంలో ఆమె ముఖం చూసి, చూపు దారి మీదికి తిప్పుకున్నాడు.

గూడెంలో మా కోసం భీంరావు ఎదురుచూస్తున్నాడు. గోండు రైతు, నలభై దాటిన మనిషి. లింబాద్రి పోయిన రోజు తెల్లారాక పశువులను వెతుక్కుంటూ వచ్చి మమ్మల్ని చూసింది అతనే. లింబాద్రిని మంచం మీద మోసుకొచ్చిన నలుగురిలో అతనూ ఒకడు. అక్కను చూడగానే చేతులు జోడించాడు. ఆమె కూడా జోడించింది. అతను గొడ్డలి భుజాన వేసుకుని "ఎండ గాకముందె పోదాం దాదా" అని ముందు నడిచాడు.

నడక గంటకు పైనే. మొదట పత్తి తీసేసిన చేలు, తర్వాత టేకు చెట్లు, ఆకులన్నీ రాలి కాలి కింద పెళపెళమంటున్నాయి. నీడ లేదు. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు తక్కువ కాకుండా తీసుకెళ్ళండి. అక్క చెప్పులతోనే నడిచింది, ఎక్కడా కూర్చోలేదు.

కొండల్లోంచి దిగే చిన్న వాగు, ఒర్రె దగ్గరికి వచ్చాక ఇక్కడే అన్నాను. అక్క ఒడ్డు మీద ఆగి కిందికి చూసింది. రాళ్ళ మధ్య సన్నటి ధార పారుతోంది. పాదం కూడా మునగదు.

"గిదా?" అన్నది. "గీ నీళ్ళకా తమ్మీ?"

భీంరావు చెయ్యెత్తి మా తలల పైన ఉన్న మద్ది కొమ్మను చూపించాడు. దానికి ఎండుగడ్డి, చెత్త చుట్టుకుని ఉన్నాయి. "గాడ దాక అస్తయి అక్కా. గది వరద దెచ్చిన గడ్డి" అన్నాడు. ఆమె ఆ కొమ్మను చాలాసేపు చూసింది. తర్వాత చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి పట్టుకుని, ఒక్క అంగలో ఒర్రె దాటింది.

అవతలి ఒడ్డున జరిగినదంతా ఆమెకు చెప్పాను. మీకూ చెబుతాను.

ఆనాడు పొద్దున మేము దాటినప్పుడు నీళ్ళు మోకాళ్ళ లోపే ఉన్నాయి. జలపాతం చూసి తిరిగొస్తుంటే పై కొండల మీద వాన పడింది, మా మీద ఒక్క చినుకు లేదు. ఒర్రె చేరేసరికి ఎర్రనీళ్ళు చెట్ల మొదళ్ళు పెకలించుకుంటూ పోతున్నాయి. దాటొద్దు, తగ్గేదాకా ఎత్తు మీద కూర్చుందాం అనుకున్నాం. పైకి ఎక్కుతుంటే లింబాద్రి నాచు పట్టిన బండ మీద కాలు జారి, రెండు నిలువుల కింద రాళ్ళ మీద పడ్డాడు. కుడి తొడ ఎముక విరిగింది. నెత్తురు బయటికి రాలేదు కానీ తొడ చూస్తుండగానే ఉబ్బిపోయింది. ఫోన్లకు సిగ్నల్ లేదు. అప్పుడే మా మీద కూడా వాన మొదలైంది.

కాలు కదలకుండా కట్టడానికి వెదురు కావాలి. ఆ కత్తితో వెదురు కొడితే అలుగు జారిపోతోంది, బరువు లేదు. రంపపు పళ్ళు చూపుకే, రెండుసార్లు లాగగానే ఇరుక్కుపోయాయి. ఎంతోసేపు తంటాలు పడితే వేలెడు లావు కర్రలు రెండు వచ్చాయి. వాటితో, నా తువ్వాలతో కాలు కట్టాను. టేకు ఆకులు చేత్తో తెంపి కప్పాను. ఇంక మంట కావాలి. నా దగ్గర లైటర్ ఉంది, కానీ పుల్లలన్నీ తడిసి పొగ తప్ప ఏమీ రావడం లేదు. పడిపోయిన ఎండు మొద్దు ఒకటి కనబడింది. పైన తడిసినా దాని గర్భం పొడిగా ఉంటుంది, చీల్చుకోగలిగితే చాలు. అలుగును మొద్దు మీద ఆనించి, వెనక నుంచి రాయితో కొట్టాను. నాలుగైదు దెబ్బలకు పిడి ఊడి నా చేతిలోకి వచ్చింది, అలుగు మొద్దులోనే ఉండిపోయింది. ఆ రెంటినీ పట్టి ఉంచింది చిన్న మరమేకు ఒక్కటే అని అప్పుడు చూశాను. పిడిలోని అగ్గిపుల్లలు బురదలో పడ్డాయి. అలుగు పీకి, చేతిరుమాలు చుట్టి మళ్ళీ ప్రయత్నించాను. అరచెయ్యి తెగింది. మొద్దు చీలలేదు.

లింబాద్రి చీకటి పడేదాకా మాట్లాడాడు. సలివెడుతుందిరా అన్నాడు, చాలాసార్లు అన్నాడు. తర్వాత అనడం మానేశాడు. నేను ఆనుకుని పడుకున్నాను. తెల్లవారకముందే పోయాడు.

నేను చెబుతున్నంతసేపూ అక్క ఏడవలేదు. లేచి భీంరావు దగ్గరికి పోయి "అన్నా, గా గొడ్డలి ఒకసారియ్యి" అన్నది. పడి ఉన్న మొద్దు ఒకటి చూసుకుని, చెప్పులు విడిచి, కాళ్ళు ఎడంగా పెట్టి కొట్టింది. రోజూ పొయ్యిలోకి కట్టెలు కొట్టుకునే చెయ్యి. మొద్దు రెండుగా విచ్చుకుంది. ఆమె వంగి ఆ లోపలి తెల్లటి చెక్కను వేళ్ళతో తడిమి చూసింది. గొడ్డలి తిరిగి ఇచ్చేసి నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"గా కత్తి దెప్పిచ్చింది నేనే తమ్మీ" అన్నది. "వాడు కొత్త ఫోనడిగిండు. అడవులు వట్టుకోని తిరుగుతడు, వీనికి ఫోనెందుకు, మంచి కత్తి కొనుమని మీ బావకు నేనే జెప్పిన. రెండు దినాలు దుకాన్లు తిరిగి కొన్నడట. ఇప్పుడు నువ్వు సక్కగ జెప్పు. కత్తి మంచిదైతే నా తమ్ముడు బతుకుతుండెనా?"

"తెల్వదక్కా."

"తెల్వదనకు. గాడ నువ్వే ఉన్నవు."

భీంరావు కల్పించుకున్నాడు. "కాలిరిగినంక కత్తేం జేస్తది అక్కా? వానకు ఒర్రె దిగలే. మేం రానీకే తెల్లారింది. ఎవరి చేతుల ఉండె అది?"

"నువ్వాగన్నా. నేను తమ్మిని అడుగుతున్న."

అబద్ధం చెప్పొచ్చు. చెబితే ఆమె నమ్మేదే కాదని నాకు తెలుసు. "మంట ఉంటె తెల్లారేదాక ఉంటుండెనేమో అక్కా" అన్నాను. "మీ ఇంట్ల కమ్మరి కత్తి తెచ్చుకుంటె మొద్దు పలుగుతుండె. మంటయితుండె. దవఖాన దాక వోతుండెనా లేదా నాకు నిజంగ తెల్వదు. తెల్లారేదాక మాత్రం ఉంటుండె."

ఆమె తల ఊపింది. చాలాసేపు అలాగే ఊపుతూ ఉండిపోయింది. అప్పుడు ఏడ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని, శబ్దం రాకుండా. భీంరావు లేచి ఒర్రె వైపు తిరిగి నిలబడ్డాడు. నాకు ఆమె భుజం మీద చెయ్యి వేయాలనిపించింది, వేయలేకపోయాను. కొంతసేపటికి ఆమే ముఖం కడుక్కుని, సంచిలోంచి సర్వపిండి తీసి మా ఇద్దరికీ తుంచి ఇచ్చింది. రాతి మీద ఒక ముక్క పెట్టి దండం పెట్టుకుంది. తను తినలేదు.

గూడెం చేరేసరికి ఆటో వచ్చి ఉంది. ఖానాపూర్ బస్టాండులో బస్సు కోసం నిలబడితే అక్క ఫోన్ మోగింది. దుబాయి నుంచి బావ. రద్దీలో వినబడక ఆమె స్పీకర్ పెట్టింది. పోయిన జాగ చూశావా అని అడిగాడు. చూశానన్నది.

"గా కత్తి వనికచ్చిందా వానికి?" అన్నాడు.

నేను వేరే వైపు చూశాను.

"అచ్చింది" అన్నది అక్క. "కట్టెలు గొట్టుకున్నరట. మంట వెట్టుకున్నరట. బండ మీదికెల్లి వడ్డడు, గంతే. రాత ఉన్నది. నువ్వు తిన్నవా?"

ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. నేను అడగకుండానే చెప్పింది. "గా రూముల ఎవ్వలుండరు తమ్మీ ఆయనకు, పక్కన కూసునేటోళ్ళు. గిది ఫోన్ల జెప్పేది కాదు."

బావ వేసవిలో సెలవు మీద వచ్చాడు. ఇది రాయనా అని అక్కను అడిగితే, "రాయి. ఆయనకు ఇంట్ల ఎదురుంగ కూసోవెట్టి జెప్పిన" అన్నది. అతను ఏమన్నాడని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మనుషులెవరో తెలియకుండా వాళ్ళ పేర్లు మార్చాను. అడవిలో ప్రాణం నిలిపేది కత్తి కాదు, ధైర్యమూ తెలివీ అని రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేనూ అలా రాసినవాణ్ణే. లింబాద్రికి ధైర్యం ఉంది, నాకు ఆ పూట కావలసినంత తెలివీ ఉంది, మొద్దు లోపల పొడి కట్టె ఉంది. దాన్ని బయటికి తీసే ఇనుము లేకపోయింది. ఒర్రె దాటకుండా ఆగిన నిర్ణయం సరైనదే, కాలు జారడం ఎవరి తప్పూ కాదు. అన్నీ సరిగ్గా చేసినా మనిషి పోతాడు. ఆ తర్వాత మిగిలినవాళ్ళు ఒకరినొకరు కాపాడుకుంటూ బతుకుతారు.

అడిగిన ప్రశ్నకు జవాబు ఇది. ఒక్కటే పెట్టుకోవాలంటే, అలుగూ పిడి చివరిదాకా పోయే భాగమూ ఒకటే ఇనుప ముక్కగా ఉన్న, వెన్ను మందంగా ఉన్న, అడుగు పొడవు బరువైన కత్తి పెట్టుకోండి. దాన్ని సంచిలో సర్దే ముందు ఇంటి వెనకే వానకు తడిసిన మొద్దు మీద ఆనించి, రాయితో వెన్ను మీద కొట్టి చీల్చి చూడండి. ఊడిపోయేదైతే అక్కడే ఊడిపోవాలి.