రోహిణి కార్తెలో ముక్తినాథ్ ప్రయాణం

మొన్న క్షవరానికి పోయాను. నా తలమీద కత్తిరించడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. ఉన్న నాలుగు వెంట్రుకల యోగక్షేమాలు విచారించడానికి నెలకోసారి పోతుంటాను, అంతే. పక్క కుర్చీలో ముఖమంతా నురగతో కూర్చున్న ఒక కుర్రవాడు ఫోను మీద బొటనవేలు ఆడిస్తూ లదాఖ్‌కు ప్రయాణం కడుతున్నాడు. నురగ ఆరకముందే బెంగళూరు నుంచి విమానం, లేహ్‌లో బస, అక్కడినుంచి ఏదో సరస్సు దాకా జీపు, అన్నీ కుదిరిపోయాయి. "అయిపాయ" అని ఫోను జేబులో వేసుకుని గడ్డం ఎత్తాడు. ఆ కొండల్లో మబ్బు కమ్మి విమానం దిగకపోతే ఏం చేస్తావు నాయనా, నువ్వు చేరావో లేదో కనుక్కునేది ఎవరు అని అడుగుదామని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే నా మీసం దగ్గరికి కత్తి వచ్చింది, మూసుకున్నాను. నా నోరు మూయించగలిగినవి ఈ లోకంలో రెండే. క్షవరం కత్తి ఒకటి, మా అక్క ఇంకొకటి. అక్క లేక చాలా ఏళ్లయింది కాబట్టి ఇప్పుడు కత్తి ఒక్కటే.

ఆ కుర్రవాడు నురగ ఆరేలోపల చేసిన పనితోనే నేను ఒక జీవితం వెళ్లదీశాను. ఎనిమిదో తరగతిలో లెక్కలూ నేనూ పరస్పర అంగీకారంతో విడిపోయాక, అనంతపురం బస్టాండు దగ్గర జీపుల్లోకి మనుషుల్ని పిలిచి ఎక్కించే పనిలో కుదిరాను. కణేకల్, కణేకల్ అని అరిచి అరిచి గొంతు తిరుపతి దాకా పెరిగింది, ఆపైన కాశీ దాకా సాగింది, చివరికి విమానాలను అందుకుంది. రోడ్డు ఎక్కడ ఆగిపోతుందో అక్కడికి మనుషుల్ని చేర్చడం నా వృత్తి అయింది. కేదారం పోయే ముసలివాళ్లూ, తాడిపత్రి నుంచి బండలు పరచడానికి అరుణాచల్ కొండల్లోకి పోయే పనివాళ్లూ, అందరూ నా దగ్గరికే వచ్చేవారు. ఏ విమానం దిగి ఏ బస్సెక్కాలో, కొండ విరిగి బస్సు ఆగితే అవతలి పక్క ఏ జీపు నిలబడి ఉంటుందో నేనే కుదిర్చేవాణ్ణి. ఆ జీపులవాళ్లలో ఒక్కరి ముఖమూ నేను చూడలేదు. మసీదు పక్క సైకిల్ షాపులో నేర్చుకున్న నా ఉర్దూ, వాళ్ల కొండ హిందీ టెలిఫోన్ తీగ మధ్యలో ఎక్కడో కలుసుకుని ఒక ఒప్పందానికి వచ్చేవి. నేను మాత్రం విమానం ఎక్కింది రెండుసార్లే. రెండుసార్లూ కళ్లు మూసుకునే ఉన్నాను కాబట్టి పైన ఏముంటుందో నన్ను అడగొద్దు.

మన మెట్ట ప్రాంతం రైతులకు ప్రయాణం కట్టడంలో ఒక తిరకాసు ఉంది, మన వయసువాళ్లకు అది తెలుసు. వాళ్లు తారీఖులు చెప్పరు, కార్తెలు చెబుతారు. మృగశిర పుట్టేలోపల ఇంట్లో ఉండాలి అంటారు, అక్కడినుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ పోయి బయలుదేరే రోజు తేల్చాలి. మృగశిరకు ముందున్న రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి కాబట్టి, చేలో పని ఉండదు కాబట్టి, దేవుణ్ణి చూడటానికి అంతకంటే తీరిక సమయం లేదని మా అందరి నమ్మకం. ఎండకు గొడుగులు చెప్పేవాణ్ణి, చలికి కంబళ్లు చెప్పేవాణ్ణి. వాన సంగతి మాత్రం నాకు గానీ వాళ్లకు గానీ ఎన్నడూ తట్టలేదు. కనబడని చుట్టానికి పీట ఎవరు వేస్తారు?

అమ్మ పోయాక నన్ను పెంచింది మా అక్క. గార్లదిన్నె దగ్గర పల్లెలో ఆమెకూ బావకూ వేరుశనగ పండే ఎర్రచేను ఉండేది. పిల్లలు కలగలేదు. అక్కకు ఒకే ఒక కోరిక ఉండేది. హిమాలయాల అవతల నేపాల్‌లో ముక్తినాథుడి గుడి వెనక, కొండ నీళ్లు నూట ఎనిమిది ధారలుగా పడతాయని, భార్యాభర్తలిద్దరూ చెయ్యి చెయ్యి పట్టుకుని వాటి కింద తడవాలని ఎవరో హరికథలో చెప్పగా విన్నది. దంపతులు కలిసి తడిస్తేనే అది ముక్తినాథ స్నానమట. ప్రతి ఏడూ అడిగేది, ప్రతి ఏడూ బావ వచ్చే ఏడు చూస్తాంలే అనేవాడు. బావ పిసినారి కాదు, దుర్మార్గుడు కాదు, ఆకాశం వైపు నుంచి కళ్లు దించడం చేతకాని మనిషి, అంతే. వరసగా వానలు ఎగ్గొట్టిన తర్వాత ఒక ఏడు, ఈ ఆకాశాన్ని చూసీ చూసీ మెడ నొప్పి పుట్టిందిలే, పోదాం పదమన్నాడు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే పల్లెటూళ్ల జేబుల్లోకి వస్తున్న కాలం అది.

ఊళ్లో పదిమందిని కలిపి జట్టు కట్టాను. బెంగళూరు నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి ఖాట్మండు విమానం, అక్కడినుంచి పోఖరాకు బస్సు, పోఖరా నుంచి కొండల సందులోంచి జోమ్‌సోమ్‌కు చిన్న విమానం, ఆపైన గుడి దాకా జీపు. ఆ చిన్న విమానం పొద్దున పూటే ఎగురుతుంది, పొద్దెక్కితే ఆ లోయలో గాలి దాన్ని బొంగరంలా తిప్పుతుంది. ఇవన్నీ చూసుకుని, మృగశిర పుట్టేలోపల అందరూ ఇంటికి చేరేటట్టు కట్టిన ఆ ప్రయాణం, నేను కట్టినవాటిలో అందమైనది. నా సొంత అక్క ప్రయాణం కదా.

పోఖరాలో మబ్బు దిగింది. మన పల్లెలవాళ్లు ఆ వానను చూసి మొదట సంతోషంతో వీధిలోకి వచ్చి తడిశారట. మరునాడూ వానే. ఆ మరునాడూ వానే. విమానం ఎగరలేదు. బావ బూత్‌ నుంచి పొద్దున్నే ఫోను చేసేవాడు, విమానం ఊసు ఎత్తేవాడు కాదు, మన వైపు మొగులు పట్టిందా అని ఒక్కటే అడిగేవాడు. లేదు బావా, నిప్పులు కురుస్తున్నాయి అని చెబితే ఊరడిల్లేవాడు. అట్లా చెప్పిన మరునాడే అనంతపురం మీద వాన పడింది. సన్నపు జల్లు కాదు, వంకలు పారిన వాన. గార్లదిన్నె వైపు మరీ గట్టిగా పడిందని ఊరినుంచి కబురు వచ్చింది. మృగశిర రేపో మాపో అనగా, దున్ని పెట్టిన చేలకు అంతకంటే ఏం కావాలి? ఫోను రాగానే ఆనందం పట్టలేక చెప్పేశాను.  అవతల పోఖరా వాన రేకుల మీద పడుతున్న చప్పుడు వినిపించింది.

"మీ అక్కను పైకి పంపు. నన్ను కిందికి పంపు," అన్నాడు బావ.

ఎర్ర నేలలో పదును, అదే విత్తే తడి, పెళ్లింటి చుట్టం లాంటిది, చెప్పకుండా వెళ్లిపోతుంది. అది ఆరేలోపల గొర్రు తోలి విత్తనం వేయకపోతే ఆ ఏడు లేదన్నట్టే. ఆ సంగతి బావ నాకు చెప్పక్కర్లేదు, నేను ఆయనకు చెప్పక్కర్లేదు. అక్కకు ఫోను ఇవ్వమన్నాను. కలిసి తడవాలని కదా అక్కా ఇన్నేళ్లూ అనుకున్నావు, ఇద్దరినీ వెనక్కి తెప్పించనా, లేక ఇద్దరినీ పైకి పంపనా, నీ నోటితో చెప్పు అన్నాను. ఆమె కోపంగా ఏమీ అనలేదు.

"ఆయప్ప చెప్పినట్లే చేయిరా. ఈడదాకా వచ్చినాం, ఒకరన్నా పోయి రావల్ల కదా."

ఆ రోజు నేను ఒకే కుటుంబానికి రెండు దిక్కులకు రెండు ప్రయాణాలు కట్టాను. మిగతావాళ్లకు ఇంటి దగ్గర విత్తుకోవడానికి కొడుకులున్నారు. విమానం కోసం ఇంక చూడకుండా జట్టును జీపుల్లో కొండదారిన పైకి పంపించాను, ముఖం తెలియని నా జీపువాడు బురదలో దించి, తోసి, మళ్లీ ఎక్కించి వాళ్లను జోమ్‌సోమ్‌ దాటించాడు. ఇటు బావ ఒక్కడే బస్సులో ఖాట్మండుకూ, ఒక్కడే విమానంలో ఢిల్లీకీ, అక్కడినుంచి బెంగళూరుకూ వచ్చాడు. విమానాశ్రయానికి నేనే జీపు తీసుకుని పోయాను. ఎట్లుండింది బావా పైన అంటే, మబ్బులన్నీ కింద ఉండాయిరా అన్నాడు. ఆయనకు అది పెద్ద అన్యాయంగా తోచినట్టుంది.  ఊరు చేరగానే నేరుగా చేలోకి పోయి, వేలు మట్టిలోకి గుచ్చి చూసుకున్నాడు. పదును ఉంది. అప్పుడు మొదటిసారి నావైపు చూసి, గెలిచినావురా బామ్మర్దీ అన్నట్టు తల ఊపాడు.

ఎద్దులు కట్టారు, గొర్రు సిద్ధమైంది, చుట్టుపక్కలవాళ్లు వచ్చారు. అప్పుడు తెలిసింది మేం ఏం మరిచిపోయామో. మా పల్లెల్లో తొలి గింజ ఇంటి ఇల్లాలి ఒడిలోంచి పడాలి. పిల్లలు లేని చెయ్యి విత్తనానికి ఎందుకులే అని ఊళ్లో చెవులు కొరుక్కునేవాళ్లు ఉండేవారు. బావ ఆ మాట విననట్టే ప్రతి ఏడూ పదిమంది ముందు అక్కను పిలిచి, ఆమె ఒడి నింపి, ఆమె చేతనే తొలి గింజ వేయించేవాడు. విమానాలూ బస్సులూ గాలులూ మబ్బులూ అన్నీ లెక్కలోకి తీసుకున్న నేను, ఈ ఒక్కటి తీసుకోలేదు. అక్కకు పోఖరాలో ఫోను పట్టుకున్నప్పుడు ఇది గుర్తుందో లేదో నాకు తెలియదు. తర్వాత ఎన్నడూ అడగలేదు.

బావ తమ్ముడి భార్య, ముగ్గురు బిడ్డల తల్లి, మంచి మనసుతోనే కొంగులో విత్తనాలు పోసుకుని ముందుకు వచ్చింది. పెద్దలు మంచిదే, మంచిదే అన్నారు. కొన్ని ముఖాల్లో, ఇన్నాళ్లకు దేవుడే కుదిర్చాడులే అన్న తృప్తి కూడా కనిపించింది. బావ అడ్డంగా నిలబడ్డాడు.

"నా చేనుకు చెయ్యి ఒకటే ఉండాది," అన్నాడు.

"పదును పోతాదప్పా, పిచ్చి మాటలు మాట్లాడాకు," అన్నాడు ఒక పెద్దాయన.

బావ ఏం చేశాడంటే, తూర్పు గట్టు పక్కన నాలుగు సాళ్ల జాగా అడుగులతో కొలిచి, అవతలి అంచున ఒక రాయి పెట్టాడు. మొదలు ఇది, దీన్ని ఉండనీండి, ఐదో సాలు నుంచి ఏసుకోండి అన్నాడు. మొదటిది వేయకుండా ఐదోది వేయడమేమిటని నవ్వారు. నేను ఊరుకుంటానా? "ఏం బావా, అక్క విమానం దిగేదానికి జాగా ఇడిసినావా?" అన్నాను. చేలో నవ్వు గొల్లుమంది. బావ నవ్వలేదు. ఆ సమయానికి అక్క ఎక్కడ ఉంటుందో చెప్పమన్నాడు. గుడికి చేరి ఉంటుంది బావా, నీళ్ల కింద నిలబడి ఉంటుంది అన్నాను. అయితే ఎద్దుల్ని తోలండి అన్నాడు.

జట్టు తిరిగి వచ్చేసరికి చేను అంతా మొలక కనిపిస్తోంది, ఆ నాలుగు సాళ్లు తప్ప. అక్క బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా చేలోకి వచ్చింది. ఆ రాయిని చూసింది, కొంగు దోపి ఒడి పట్టింది. పదును ఎప్పుడో పోయింది, మట్టి పిండిలా ఉంది. బావ ముందు పారతో సాలు తీస్తూ పోయాడు, అక్క ఒడిలోంచి గింజలు తీసి వదులుతూ వెనకే నడిచింది. ఎండిన మట్టిలో, పట్టపగలు, ఇద్దరే. గట్టు మీద నిలబడిన నాకు ఆ రోజు ఒక్క హాస్యమూ తోచలేదు.

ఆ గింజలు మొలవలేదు. మొలిచిన మిగతా చేను కూడా జానెడు పెరిగి, మళ్లీ వాన చూడక మాడిపోయింది. చివరికి చేను చేనంతా విమానాశ్రయమే అయింది. ముక్తినాథ్ గురించి అక్క చెప్పింది కొంచెమే. అందరూ జంటలుగా తడుస్తుంటే ఆమె బావ ఇచ్చి పంపిన కండువాను చేతికి చుట్టుకుని నూట ఎనిమిది ధారల కిందా నడిచిందట, కండువా తడిస్తే మనిషి తడిసినట్టే లెక్కట. "అన్ని నీళ్లు ఊరికే పోతాండాయిరా, కింద పట్టుకునేవాళ్లే లేరు," అని మాత్రం చాలాసార్లు అంది. మళ్లీ ఇద్దరూ కలిసి పోదామని ఆమె అడగలేదు, బావ కూడా ఆ మాట ఎత్తలేదు.

ఇద్దరూ పోయారు. తర్వాత నా ఇంటావిడా పోయింది. ఇప్పుడైతే అక్క కొండమీద నుంచి ఫోనులో ముఖం చూపించి, వేసేయండి, నేను చూస్తున్నా అని ఉండేది, ఎవరి చేతితోనో తొలి గింజ పడి ఉండేది, ఏ జాగా మిగిలి ఉండేది కాదు. అది మంచిదే, నేను వద్దనను. దారిలో ఉన్న మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడో ఫోనే చెబుతుంది. నన్ను అడిగే పని లేదు. కానీ ఒకప్పుడు ఎవరు ఏ కొండ ఎక్కుతున్నా ఆ దారి నా కళ్ల ముందు ఉండేది, వాళ్లు ఇల్లు చేరేదాకా నేనూ వాళ్లతోపాటే ఉండేవాణ్ణి. ఇప్పుడు ఊళ్లో సగం మంది విమానాల్లో తిరుగుతున్నారట, నేను మాత్రం ఎవరి వెంటా లేను.

బావ తమ్ముడి కొడుకులు ఆ చేనును సోలార్ పలకలవాళ్లకు ఇచ్చారు. ఎర్రమట్టి కనబడకుండా నల్లటి అద్దాలు పరిచి ఉంటాయి, ఎండను పండించుకుంటున్నారు, అది మాత్రం మనకు ఎప్పుడూ తక్కువ కాలేదు. అప్పుడప్పుడూ పనేమీ లేకపోయినా ఆ వైపు బస్సెక్కుతాను. ఆ చేను రాగానే, అదిగో ఆ నాలుగు సాళ్లు అని పక్క సీటు మనిషికి చూపిద్దామని చెయ్యి ఎత్తుతాను. అద్దాల కింద ఏది ఎక్కడుందో నాకే తెలియదు. ఎత్తిన చెయ్యిని ఏం చేయాలో తోచక, కిటికీ సర్దుతున్నట్టు నటించి దించుకుంటాను.