అబ్బా అన్నవాడి కల్లు

మా నాయన సారపాక కాగితం మిల్లులో జామాయిల్ కర్రలు దించే ముఠా మనిషి. లారీల మీది కర్రలు భుజాన వేసుకుని దించడం, వరసగా పేర్చడం ఆయన పని. ఆ ముఠాలో ఒక కట్టుబాటు ఉంది. కర్ర కాలి మీద పడనీ, పేడు గోరులో దిగనీ, నోటితో "అబ్బా" అనకూడదు. అన్నవాడు ఆ సాయంత్రం అందరికీ జీలుగు కల్లు పోయించాలి. ముప్పై ఏళ్ళ చాకిరీలో మా నాయన ఒక్కసారి కూడా పోయించలేదు. అది చెప్పుకుని ఇంటిల్లిపాదీ మురిసిపోయేవాళ్ళం.

ఆ గొప్పే చివరికి ఆయన కాలు తిన్నది. ఒంట్లో షుగర్ ఉంది, అరికాల్లో పుండు పడింది. ఎవరికీ చెప్పకుండా గుడ్డ చుట్టుకుని పనికి పోయాడు. ఆశ్రమ పాఠశాలలో టీచర్ని నేను, సెలవు దొరికి ఇంటికి వెళ్ళేసరికి పాదం నల్లబడి వాసన కొడుతోంది.

"ఏంది నాయనా ఇది?" అంటే, "ఏం లేదు బిడ్డా, చెప్పు కరిచింది" అన్నాడు.

ఖమ్మంలో దవాఖానాకు తీసుకెళ్తే మోకాలి కింద నుంచి తీసేయాలన్నారు. కాలు పోతుందన్న దిగులు ఎలాగూ ఉంది. దానికన్నా పెద్ద భయం నాకు మా తాత. ఆయన వెదురు నరకడానికి అడవికి పోతే బండ దొర్లి కాలు నలిగింది, తీసేశారు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆ లేని కాలే ఆయన్ను కాల్చుకు తిన్నది. పాదం ఉండాల్సిన చోట వట్టి నేలను తడుముకుంటూ, "వేళ్ళు మెలిపెడుతున్నయ్, ఎవరన్నా ఇడిపియ్యుండ్రి" అని ఏడ్చేవాడు. కాలు వంకరగా పాతిపెట్టారు, అందుకే ఈ తిప్పలు అన్నారు పెద్దలు. మళ్ళీ తవ్వి, చక్కగా చాపి, కోడిని కోసి పూడ్చారు. అయినా నొప్పి పోలేదు, తాతతోనే మట్టిలోకి పోయింది.

ఆపరేషన్‌కు మత్తిచ్చే డాక్టరమ్మకు ఇదంతా చెప్పాను. ఆమె నవ్వలేదు, మంచం అంచున కూర్చుని నిదానంగా విన్నది.

"కోసేదాకా కాలు మండుతనే ఉంటే, ఆ మంటకు మెదడు అలవాటు పడుతదమ్మా. కాలు పోయినా ఆ అలవాటు పోకపోవచ్చు. అందుకే ముందునుంచే మంట ఆర్పాలె. కోసేటప్పుడు ఆర్పాలె, తర్వాత కొన్ని రోజులు ఆర్పుతనే ఉండాలె" అంది. వెన్నులో సన్నటి గొట్టం పెట్టి దాంట్లోంచి మందు పంపిస్తామంది. "అసలే రాదని మాటియ్యలేను. వచ్చినా తక్కువుండేటట్టు చూస్త. కానీ నొప్పి ఎంతుందో మీ నాన్న నిజం చెప్పాలె. దాన్ని బట్టే మందు పెంచుడు, తగ్గిచ్చుడు."

ఆ చివరి మాటకు నా ప్రాణం ఉసూరుమంది. నిజం చెప్పాలట, అదీ మా నాయన!

గొట్టం పెట్టారు. కాసేపాగి డాక్టరమ్మ అడిగింది. "పదిలో ఎంతుంది పెద్దాయనా?"

"సున్నా డాక్టరమ్మా."

నుదుటి మీద చెమట ధార కడుతోంది. పిడికిలి మంచం కమ్మిని వదలడం లేదు. మళ్ళీ అడిగితే, "గిదేం నొప్పి?" అని నవ్వబోయాడు. డాక్టరమ్మ ఆ నల్లటి పాదం వంక చూసి, నా వంక చూసింది. నాకసలే ముక్కు మీద కోపం.

"ఏంది నాయనా, ఈడ మీ ముఠా ఉన్నదా? ఎవరికి భయపడుతున్నవ్?"

"గట్ల కాదు బిడ్డా. అలవాటు లేదు."

"తాతకూ లేదు అలవాటు. కాలు తీసేదాకా పళ్ళు బిగబట్టిండు, నోరు తెరవలే. తర్వాత సచ్చేదాకా ఊరంతా వినేటట్టు ఏడ్చిండు. నువ్వు విన్నవ్, నేను విన్న. ఇప్పుడు నా పిల్లలు కూడా వినాల్నా?"

ఆయన గోడ వైపు తిరిగాడు. తర్వాత కడుపులోంచి వచ్చింది, "అబ్బా!" అని. పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు.

"అబ్బా, సచ్చిపోతున్న తల్లీ! తొమ్మిది! పదే అనుకో!"

డాక్టరమ్మ మందు పెంచింది. కాసేపటికి కమ్మి మీది పిడికిలి వదులైంది. ఆయన కళ్ళలోనూ నా కళ్ళలోనూ నీళ్ళు. ముప్పై ఏళ్ళు అబ్బా అనలేదని పడ్డ గర్వం ఒక ఎత్తు, ఆ రోజు అన్నాడని పడ్డ గర్వం ఒక ఎత్తు.

ఇక అక్కడి నుంచి నోటికి తాళం లేదు. ఆపరేషన్ అయినాక నర్సు గుమ్మంలో కనబడితే చాలు, "సిస్టరమ్మా, నాలుగుకొచ్చింది, జర చూడు" అనేవాడు. "మీ నాన్న కాంటా వేసినట్టు చెప్తున్నడు" అని ఆమె నవ్వేది. మా నానమ్మ పోరు పడలేక తీసిన కాలును ఊరికి తెచ్చి, చక్కగా చాపే పాతిపెట్టాం. ఏ పుట్టలో ఏ పాముందో!

నెలలు గడిచాయి. లేని కాలు ఎలా ఉందని అడిగితే, "ఉన్నట్టే అనిపిస్తది బిడ్డా. బొటనవేలు గోక్కోబుద్దయితది. గంతే, నొప్పి లేదు" అన్నాడు. నొప్పి లేదని బొంకిన నోరే కదా, మొదట నమ్మలేదు. కానీ అదే నోటితో చంకకర్ర ఒరుసుకుంటోందని, దిండు గట్టిగా ఉందని, చారులో ఉప్పు లేదని రోజంతా సణుగుతున్నాడు. ఇన్ని చెప్పేవాడు లేదన్నాడంటే లేనట్టే.

ఒక సాయంత్రం ముఠావాళ్ళు చూడడానికి వచ్చారు. ఆయన జతగాడు తొడ మీద చరుచుకుని, "కాలు కోసినా అబ్బా అని ఉండవ్ అన్నా! మన ముఠా పరువు నిలబెట్టినవ్" అన్నాడు.

నాయన నన్ను పిలిచాడు. "బిడ్డా, పొద్దున తెప్పిచ్చిన కల్లు పట్టుకురా."

"కల్లెందుకే?" అన్నారు వాళ్ళు.

"అన్న. దవాఖానా దద్దరిల్లేటట్టు అబ్బా అన్న. కట్టుబాటు కట్టుబాటే, తాగుండ్రి. నాకు షుగర్, మజ్జిగ చాలు."

ఎవరూ ముంత ఎత్తలేదు. కాసేపటికి ఆ జతగాడే తల వంచుకుని, తన కాలికి చుట్టుకున్న గుడ్డ మెల్లగా విప్పాడు. మడమ మీద పుండు.

నాయన చంకకర్ర పక్కన పెట్టి ముందుకు వంగి చూశాడు.

"పదిలో ఎంతుందిరా? నిజం చెప్పు."