రొట్టె కాలేంతసేపు

మా పిన్ని పోయింది. దిగపహండిలో నేను పొద్దుటి దీపం పెట్టి లేస్తుండగా ఫోను మోగింది. బరంపురం నుంచి తమ్ముడు. "అక్కా, అమ్మ లెగట్లేదు" అన్నాడు. "ఇంక లెగదు" అన్నాడు. కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కాస్త నడుం వాలుస్తానని పడుకుందట. అంతే.

పిన్ని అంటే మా నాన్నగారి తమ్ముడి భార్య. రెండు కుటుంబాలూ బరంపురంలో, స్టేషను వెనక ఒకే అద్దె ఇంట్లో, ఒకే వంటింటితో బతికాయి. నాన్నగారిది రైల్వే ఉద్యోగం. బాబాయిది గంజాం వైపు ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పని. పిల్లలందరిలో పెద్దదాన్ని నేను. అందరికన్నా చిన్నవాడు పిన్ని కొడుకు, ఇప్పుడు ఫోను చేసిన తమ్ముడు.

బస్సెక్కి కూర్చున్నాను. దేవుడి నామం చెప్పుకుందామనుకుంటే మనసు వెళ్లి ఒక మామూలు పొద్దు దగ్గర ఆగింది.

కుళాయి వచ్చే వేళ. అమ్మ బిందెలు వరసలో పెట్టి పక్కింటి ఆవిడతో మాట్లాడుతోంది. బాబాయి రాత్రి షిఫ్టు దిగి వచ్చి, సైకిలు గోడకి ఆనించి కాళ్లు కడుక్కుంటున్నాడు. నేను కాలేజీకి జడ వేసుకుంటున్నాను. వంటింట్లో పిన్ని, రాత్రి రుబ్బిన మినప్పిండిలో బియ్యపు రవ్వ కలుపుతోంది. ఆ రోజు తమ్ముడికి ఆరేళ్లు నిండాయి. ఇల్లు చూస్తే ఆ సంగతి ఎవరికీ తెలియదు. తోరణం లేదు, పరమాన్నం వాసన లేదు. వాడు ఉతికిన చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, నా కేకేది?"

అంతకు కొద్దిరోజుల ముందే నాన్నగారి ఆఫీసరు కొడుకు పుట్టినరోజుకి వెళ్లి వచ్చాడు వాడు. కేకు మీద గులాబీ రంగు పువ్వులు చూశాడు. అప్పటినుంచీ నిద్రలో కూడా కేకే.

"కేకా? నాకు సెయ్యడం రాదురా" అంది పిన్ని.

"అయితే కొను."

"కొనాలంటే బజారుకెల్లాలి. నాను బజారుకెల్తే నీకాడ ఎవలు కూకుంటారు?"

అలా అంటూనే మూకుడులో నూనె వేసి, పిండి దట్టంగా పోసి, కుంపటి మీద పెట్టింది. మూత పెట్టి, దాని మీద నాలుగు నిప్పులు వేసింది. దిబ్బరొట్టె. వారానికోసారి మా ఇంట్లో ఎలాగూ కాల్చేదే. మెల్లగా కాలుతుంది, కలపక్కర్లేదు, కదపక్కర్లేదు. పిన్ని చేతులు పైటకి తుడుచుకుని, గోడకి చేరేసి ఉన్న పీట వాల్చి కూర్చుంది. వాణ్ణి లాగి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇంక ఇది కాలేదాకా నానెక్కడికీ ఎల్లను. నువ్వెలా పుట్టేవో సెప్పనా?"

వాడు అలిగి తల తిప్పుకున్నాడు. పిన్ని చెప్పడం మొదలుపెట్టింది.

"ఓనంటే ఓన కాదు. మీ నాన్నేమో ఫ్యాక్టరీలో ఉండిపోయేరు. నన్ను రిక్షా ఎక్కించి మీ పెద్దనాన్న ఎనకనుంచి తోసేరు. ఆయన గొడుగు తిరగబడిపోయింది. రిక్షావోడు 'భయ నాహి మా, భయ నాహి మా' అంటానే ఉన్నాడు. ఆడు అన్న కొద్దీ నాకు భయమేసింది. నువ్వు పుట్టేవు గాని ఏడవనేదు. నర్సమ్మ ఒకటి సరిసింది. అప్పుడేడిసేవు. ఏడిసినోడివి ఇయ్యాల్టి దాకా ఆపనేదు."

తమ్ముడు నవ్వు ఆపుకోలేకపోయాడు. అప్పటికి రొట్టె అడుగు ఎర్రబడి వాసన వచ్చింది.

పళ్లెంలో రొట్టెని బోర్లించి వాడి ముందు పెట్టింది. వాడికి మళ్లీ గుర్తొచ్చింది. "ఇది కేకు కాదు. రొట్టి."

"రొట్టే. కేకని నానన్నానా? గుండ్రంగా ఉన్నాది, లోన మెత్తగా ఉన్నాది, కోత్తే ముక్కలౌతాది. ఇంకేటి తక్కువయ్యింది?"

"పువ్వులు."

పిన్ని జడలోని కనకాంబరాల చెండు తీసి రొట్టె చుట్టూ పెట్టింది. కరెంటు పోతే వెలిగించే సగం కాలిన కొవ్వొత్తి తెచ్చి, నడుమ గుచ్చి ముట్టించింది. "ఊదు."

అమ్మ బిందె దించి లోపలికి వస్తూ, "పుట్టినరోజు పూట దీపం ఊదకూడదు సెల్లీ" అంది.

"దీపం దేవుడి కాడుంది అక్కా. ఇది కొవ్వొత్తి. ఊదకపోతే అయిపోద్ది. రేత్రి కరెంటు పోతే మనం ఏటి సేత్తాం?"

తమ్ముడు ఊదాడు. ఇంట్లో ఉన్నవాళ్లం, కుళాయి దగ్గరున్న పిల్లలు, తలా ఒక ముక్క బెల్లంతో తిన్నాం. పక్కింటి ఒడియా మాఉసీ ముక్క తుంచి చూసి, "ఇది మా పోడొపిఠా కదా, పండక్కి కాల్చుకునేది" అంది. "అవునా? అయితే మీ పండగ కూడా అయిపోయినట్టే" అంది పిన్ని. నా జడ సగంలోనే ఉంది. కాలేజీకి ఆలస్యమైంది.

అప్పటినుంచీ మా ఇంట్లో ఎవరి పుట్టినరోజైనా అదే రొట్టె, అది కాలేంతసేపూ వాళ్లు పుట్టిన కథ. అదీ ఆ రోజు పిండి ఉంటేనే. లేకపోతే పిండి రుబ్బిన మర్నాడు. పిన్నికి ఒక రోజు అటూ ఇటూ పట్టింపు లేదు. "పుట్టేసేడు కదా, ఇంక ఎక్కడికి పోతాడు?" అనేది.

ఆవిడ పొదుపు మనిషని కొందరన్నారు. కాదు. బద్ధకం మనిషని ఇంకొందరన్నారు. అది కొంత నిజం. పండక్కి జంతికలు దుకాణంలో కొనేది. మడత పెట్టాల్సిన బట్టలు మంచం మీద గుట్టగా ఉంటే, ఆ గుట్టకే జేరబడి రేడియో వినేది. మా మేనత్త, అంటే నాన్నగారి అక్క, వచ్చినప్పుడల్లా దెప్పేది. "మీ ఇంట్లో పుట్టినరోజో, ఉపవాసమో తెలవట్లేదే. ఒక్క రొట్టితో సరిపెట్టేత్తావా?" పిన్ని నవ్వేది. "ఒక్కటయితే గిల్లుకుని తింటారు వదినా. పదయితే గిన్నెలు నాను తోముకోవాలి."

కానీ ఒకసారి, నా మొదటి కాన్పు తరవాత, మా పెద్దవాడి పుట్టినరోజుకి నేను నలభై మందిని పిలిచి, పొయ్యి దగ్గర కళ్లు తిరిగి కూలబడితే, పిన్ని నా పక్కన కూర్చుని మెల్లగా అంది. "అలిసిపోయిన తల్లి సేతి పరవన్నం సేదుగా ఉంటాది అమ్మీ. పిల్లడికి తెలుస్తాది. ఆడు సెప్పలేడు గాని తెలుస్తాది." ఆ మాట నేను మరిచిపోలేదు. దేవుడి ముందు కూడా నేను పది రకాల నైవేద్యాలతో తిరగడం మానేసి కూర్చోవడం మొదలుపెట్టింది ఆ తరవాతే.

నేను పుట్టినప్పటికి పిన్ని ఈ ఇంటికి రాలేదు. అందుకని నా పుట్టినరోజున నా కథ చెప్పేది కాదు. "సూడందాన్ని సూసినట్టు ఎలా సెప్పను? నాను ఈ ఇంటికొచ్చిన రోజు సెప్తాను, ఇను" అనేది. కొత్త పెళ్లికూతురు, అందరూ భోజనాల హడావిడిలో ఉంటే పెరట్లో ఒంటరిగా నిలబడిందట. అయిదేళ్ల నేను వెళ్లి చీర కొంగు పట్టుకుని లాగి, మంచినీళ్ల కుండ చూపించానట. తరవాత కట్టెల వెనక పిల్లి పెట్టిన పిల్లల్ని చూపించానట. "అప్పుడు నవ్వేను. ఈ ఇంట్లో నా మొదటి నవ్వు అదే." నాకు పెళ్లయి దిగపహండి వచ్చేశాక కూడా, ఏటా ఫోనులో అదే కథ. పిల్లి రంగు ఒక్కోసారి మారేది.

బాబాయి పోయాక పిన్ని తమ్ముడి దగ్గరే ఉంది. వాడికి లేటుగా పుట్టిన కూతురు ఒకత్తి. కేకు కోసం ఏడ్చిన పిల్లవాడు తండ్రయితే ఏం చేస్తాడో మీరు ఊహించగలరు. పాప మొదటి పుట్టినరోజుకి ఒక అంతస్తు కేకు, తరవాత రెండు, తరవాత మూడు. ఊరి చివర హాలు, బుడగలు, వచ్చిన పిల్లలందరికీ తిరుగు బహుమతులు. మరదలు బడిలో పంతులమ్మ. బడి నుంచి వచ్చి ఆ బహుమతులన్నీ తనే కాగితాల్లో చుట్టేది. పిన్ని వద్దనలేదు. ఎవరికీ ఏదీ వద్దనే అలవాటు ఆవిడకి లేదు.

నిరుడు నేనూ వెళ్లాను. కేకు వచ్చేసరికి పాప పిన్ని ఒళ్లో నిద్రపోయింది. లేపి కోయించారు. ఫొటోలన్నిటిలో పాప ఏడుస్తోంది, మరదలు జుట్టు చెదిరి ఎవరినో పిలుస్తోంది. మర్నాడు పొద్దున్న తమ్ముడూ మరదలూ ఇంకా లేవకముందే, పిన్ని గ్యాసు పొయ్యి సన్నమంట మీద మూకుడు పెట్టి, పీట వాల్చి, పాపని పక్కన కూర్చోబెట్టుకుంది. మోకాళ్ల నెప్పితో కింద కూర్చోవడం ఆవిడకి కష్టం. అయినా కూర్చుంది. "ఆసుపత్రిలో కాన్పుగది బయట బెంచీ మీద నానూ మీ నాన్నా. మీ నాన్న లెగుస్తాడు, కూకుంటాడు, లెగుస్తాడు. 'కూకోరా, నువ్వు తిరిగితే పిల్ల తొందరగా వచ్చేత్తాదా' అన్నాను..." పాపకి కథంతా వచ్చు. పిన్ని ఒక మాట వదిలేస్తే పాప అందించింది.

ఈసారి పాప పుట్టినరోజు పిన్ని పన్నెండో రోజు గడిచిన వారానికి వచ్చింది. హాలు అంతకుముందే మాట్లాడి ఉంచారు.

పన్నెండో రోజు సాయంత్రం చుట్టాలు వెళ్లిపోయారు. వెనక వరండాలో మేనత్త, తమ్ముడు, మరదలు, నేను మిగిలాం. హాలు మాట వచ్చింది. మేనత్త వయసు తొంభైకి దగ్గర పడింది, గొంతు మాత్రం తగ్గలేదు. "ఏడాది ఎల్లకుండా ఇంట్లో పుట్టినరోజేటి, సోద్యం కాకపోతే! ఈ ఏడు లేదు. అంతే." తమ్ముడు తల వంచుకున్నాడు. వాడికీ మనసు లేదు.

పాప గుమ్మంలో నిలబడి అంతా వింది. నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "పెద్దత్తా, పుట్టినరోజు చెయ్యకపోతే నాకు ఏడేళ్లు రావా?"

"వస్తాయమ్మా. అవి ఎలాగూ వస్తాయి."

"కేకు వద్దు. కానీ నానమ్మ లేదు కదా. నేను పుట్టిన కథ ఎవరు చెప్తారు?"

తమ్ముడు లేచి పెరట్లోకి వెళ్లి నిలబడ్డాడు. పాపని ఒళ్లోకి తీసుకుని, మనసులో ఒకసారి నామం అనుకుని, మేనత్త వైపు తిరిగాను.

"అత్తా, ఏడాదిలోగా ఇంట్లో దిబ్బరొట్టె కాల్చుకోవచ్చా?"

"రొట్టికేటే? ఆకలేత్తే ఎప్పుడైనా తినొచ్చు."

"పొయ్యి దగ్గర పీట వేసుకుని కూర్చోవచ్చా?"

"కూకుంటే ఎవలొద్దన్నారు?"

"పిల్లకి ఏదైనా కథ చెప్పుకోవచ్చా?"

మేనత్త నా మొహంలోకి చూసింది. ఆవిడకి అర్థమైంది. "కొత్తబట్టలు మాత్రం కట్టొద్దు" అంది. కళ్లు తుడుచుకుని, తనలో తను అనుకున్నట్టు అంది. "ఒక్క రొట్టితో సరిపెట్టీసేదని ఎన్నిసార్లు దెప్పేనో దాన్ని."

పుట్టినరోజులోంచి తీసేయదగినవన్నీ పిన్ని ఎప్పుడో తీసేసింది. ఏటిసూతకం వచ్చి తీసేయడానికి ఇంక ఏమీ మిగల్లేదు.

అప్పుడు మరదలు నోరు విప్పింది. "వదినా, నాకు అత్తయ్యలా చెప్పడం రాదు. ఏ ఏడూ నేను కూర్చుని ఉంటే కదా."

"అత్తయ్యలా చెప్పక్కర్లేదు" అన్నాను. "అత్తయ్య తలుపు బయట బెంచీ మీద కూర్చుంది. ఆవిడ చెప్పిందంతా బయటి కథే. లోపల ఏం జరిగిందో నీకొక్కదానికే తెలుసు. అది పాప ఇంతవరకూ వినలేదు."

పాప నా ఒళ్లోంచి దిగి తల్లి దగ్గరికి వెళ్లింది. "లోపల ఏం జరిగిందమ్మా?"

"ఇప్పుడు కాదు" అంది మరదలు. ఆ పన్నెండు రోజుల్లో ఆమె మొహంలో నవ్వు చూడటం అదే మొదలు. "రొట్టె పెట్టాక."

ఆ సాయంత్రం మేము అనుకున్నవి ఇవే. హాలువాళ్లకి తమ్ముడు వద్దని ఫోను చేస్తాడు. ముందురోజు పొద్దున్నే మినపపప్పు నానబెట్టాలి. రొట్టె తమ్ముడే కాలుస్తాడు. వాడికి రాకపోతే మాడిందే తింటాం. గోడకి చేరేసి ఉన్న పిన్ని పీట వాల్చి, దాని మీద మరదలు కూర్చుంటుంది. రొట్టె అడుగు ఎర్రబడి వాసన వచ్చేదాకా ఆమెను ఎవరూ, ఎందుకూ లేపకూడదు.