నాదే అని చెప్పు

నేను మోస్తున్నదానికి పేరు పెట్టడానికే నాకు ఇన్నేళ్ళు పట్టింది. చాలాకాలం దాన్ని భయం అన్నాను. తరవాత చిన్నతనం అన్నాను. పరాయి దేశం, పరాయి చట్టం అన్నాను. అవేవీ దాని పేర్లు కావు. నేను ఒక మనిషిని అప్పగించాను. చేత్తో పట్టి కాదు, ఒక్క మాటతో. అదీ దాని పేరు.

మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా భార్యకు చెప్పలేదు. ఆమె పోయేముందు ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని, "మీ మనసుల ఏదో ఉన్నది, నాకు చెప్తలేరు" అంది. ఏమీ లేదన్నాను. అప్పుడు కూడా.

డెబ్బైల నడుమ నేను మస్కట్‌లో ఒక రోడ్ల కంపెనీలో క్లర్కుని. మాది జగిత్యాల వైపు. డిగ్రీ దాకా చదివాను, ఇంగ్లీషూ ఉర్దూ వచ్చు. క్యాంపులోని తెలుగువాళ్ళకీ ఇంగ్లీషు మేనేజరుకీ మధ్య మాట అటూ ఇటూ చేరవేసేది నేనే. అజైబాకీ ఘుబ్రాకీ మధ్య ఇసకలో మా రేకుల రూములుండేవి. ఒకవైపు సముద్రం, ఒకవైపు నల్లటి కొండలు, నడుమ మేం వేస్తున్న రోడ్డు. మా పాస్‌పోర్టులు ఆఫీసు బీరువాలో ఉండేవి.

దక్షిణాన సలాలా కొండల్లో కమ్యూనిస్టులతో యుద్ధం జరుగుతోంది. దాని చప్పుడు మాదాకా వచ్చేది కాదు. కానీ మిలటరీ విమానాలు మా నెత్తి మీదుగా దక్షిణానికి వెళ్ళేవి. అవి వెళుతుంటే మాట్లాడుతున్నవాళ్ళు ఆగిపోయేవారు. వేరే కంపెనీలో ఒక మలయాళీని జీపులో ఎక్కించుకుపోయారనీ, ఎందుకో ఎవరికీ తెలియదనీ చెప్పుకునేవారు. కమ్యూనిస్టు అన్న మాట క్యాంపులో ఎవరూ పైకి అనేవారు కాదు.

అలాంటి చోటికి నేను ఒక పుస్తకం తీసుకెళ్ళాను.

హైదరాబాదులో, కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్నది. తెలుగు అనువాదం. మాస్కోలో అచ్చయి మన ఊళ్ళకి వచ్చే నున్నటి కాగితం పుస్తకాల్లాంటిది కాదు. ముతక కాగితం, అట్ట మీద ఎర్ర నక్షత్రం, దాని చుట్టూ ముళ్ళతీగ. రష్యాలో వెట్టిచాకిరీ శిబిరాల్లో ఏళ్ళ తరబడి ఉండి ప్రాణాలతో బయటపడ్డ ఒకాయన రాసుకున్న సొంత కథ. ఏదో మాట తూలినందుకు ఆయన్ని పట్టుకుపోయారు. ఉత్తరాన మంచు ఎడారిలో రైలుపట్టాలు వేయించారు. చలికాలమంతా పట్టాలు వేస్తారు. ఎండ రాగానే నేల మెత్తబడి పట్టాలు కుంగిపోతాయి. మళ్ళీ వేస్తారు. ఆ రైలు ఏ ఊరికి పోతుందో వేసేవాళ్ళకు తెలియదు. పక్కవాడు పడిపోతే వాడి బూట్లు విప్పుకుని ముందుకు నడుస్తారు. అలాంటి పుస్తకం. దాన్ని నేను రెండుసార్లు చదివాను.

తరవాత రాజలింగానికి ఇచ్చాను.

రాజలింగం షట్టరింగ్ కార్పెంటర్, కాంక్రీటు పోయడానికి చెక్క అచ్చులు బిగించేవాడు. మెట్‌పల్లి దగ్గర పల్లె. నాకన్నా బాగా పెద్దవాడు, అన్నా అని పిలిచేవాణ్ణి. ఊళ్ళో ఉన్నప్పుడు పార్టీలో తిరిగినవాడు, ఒకసారి జైలు కూడా చూసొచ్చాడు. రష్యా అంటే ఆయనకు కూలివాడి రాజ్యం. నిజం చెప్పాలంటే ఆయన్ని ఉడికించడానికే ఆ పుస్తకం ఇచ్చాను. "చదువన్నా, మీ రష్యా సంగతి తెలుస్తది" అని నవ్వుతూ ఇచ్చాను. చాలా రోజులు నాతో మాట్లాడలేదు. పని నుంచి వచ్చి, గోడవైపు తిరిగి పడుకుని, అదే చదివేవాడు. ఆ తరవాత ఒక శుక్రవారం మధ్యాహ్నం, సెలవు పూట, మెస్ షెడ్డు కింద కూర్చుని మొదటి పేజీ నుంచి పైకి చదవడం మొదలుపెట్టాడు.

తను నమ్మినదాన్ని తనే నలుగురి ముందూ కూలగొట్టుకోవడం ఎందుకు? అడిగాను. "అబద్ధమైతే చదువుతాంటే బయటపడ్తది. నిజమైతే దాచుడెందుకు?" అన్నాడు. అన్నప్పుడు ఆయన ముఖం నాకు నచ్చలేదు. రోగం సంగతి డాక్టరు నోట విన్నవాడి ముఖంలా ఉంది.

ఆయన చదివితే ఎదురుగా జరుగుతున్నట్టే ఉండేది. మొదట నలుగురు కూర్చున్నారు. నెల తిరిగేసరికి షెడ్డు చాలలేదు. మంచు ఎరగనివాళ్ళు మంచు గురించి అడిగేవారు. కాళ్ళు కొయ్యబారడమంటే ఏందన్నా అనేవారు. మెస్‌లో వంట చేసే కరీం భాయ్ హైదరాబాద్ పాతబస్తీ మనిషి. గరిట చేతిలో పట్టుకునే వినేవాడు. ఒకనాడు ఆయనే అన్నాడు: "ఉధర్ బరఫ్, ఇధర్ రేత్. బాకీ సబ్ ఏక్‌చ్ హై మియా." అక్కడ మంచు, ఇక్కడ ఇసక, మిగతాదంతా ఒక్కటే అని. జనం నవ్వారు. రాజలింగం నవ్వలేదు. "కాదు భాయ్. వాళ్ళను గుంజుకపోయిండ్రు. మనం సంతకం పెట్టి మన కాళ్ళతోని వచ్చినం. ఒక్కటి చెయ్యకు" అన్నాడు. షెడ్డు అంచున నిలబడ్డ ఫోర్‌మన్ ఆ నవ్వు ఒక్కటే విన్నాడు. రాజలింగం మాట అతనికి అర్థమయ్యే భాష కాదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. పుస్తకంలో ఒకచోట ఆ రచయిత స్నేహితుణ్ణి అందరి ముందూ వరస నుంచి లాగి తీసుకుపోతారు. అందరూ తలలు దించుకుంటారు. "అంతమందిల ఒక్కడు గూడ నోరిప్పలేదా?" అని మాలో ఎవరో అడిగారు. వెనకనుంచి తూ అన్నారు. అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

అసూయ అన్న మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. రాశాను. అంతకుముందు శుక్రవారం మధ్యాహ్నాలు నావి. ఇంటికి ఉత్తరాలు రాయించుకోవడానికి నా రూమ్ ముందు జనం ఉండేవారు. ఇప్పుడు నా రూమ్ ముందు ఎవరూ లేరు. నా పుస్తకమే, కానీ వాళ్ళు చూసేది ఆయన్ని.

ఆ ఎండాకాలం ఆర్మూరు మనిషి ఒకడు మిట్టమధ్యాహ్నం తారు మీద పడిపోయాడు. మళ్ళీ లేవలేదు. మర్నాడు మా మనుషులు మధ్యాహ్నం వేళకు పారలు పక్కన పెట్టి లారీ నీడలో కూర్చున్నారు. అరవలేదు, ఏమీ అడగలేదు. ఎండ కాస్త వాలాక లేచి పని చేశారు. అంతే. ఎవరు చెప్పారని ఫోర్‌మన్ అడిగితే ఎవరూ చెప్పలేదన్నారు. అది నిజమే. మేనేజరు ఒక్క మాటా అనలేదు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఆ సాయంత్రం ఆఫీసులో నా వైపు చూసి, "శుక్రవారాలు మీవాళ్ళు ఏం చేస్తారు?" అని మాత్రం అడిగాడు. "కథలు చదువుకుంటారు సార్" అన్నాను. తల ఊపాడు.

రెండు రోజులు ఏమీ జరగలేదు. మూడోనాడు పొద్దున డ్యూటీ బండ్లు ఎక్కబోతుంటే మమ్మల్ని ఆపేశారు. ఇసక రంగు ల్యాండ్ రోవర్ వచ్చింది. నల్లకళ్ళద్దాల ఆఫీసరు, ఇద్దరు సిపాయిలు. మమ్మల్ని రూముల ముందు వరసగా నిలబెట్టారు. లోపల పెట్టెలు తిరగేస్తున్న చప్పుడు. సముద్రం వైపు నుంచి వేడిగాలి. ఒక సిపాయి రాజలింగం తలగడ కింది పుస్తకంతో బయటికి వచ్చాడు. ఎర్ర నక్షత్రాన్ని ఆఫీసరు వేలితో తడిమాడు. పుస్తకాన్ని పక్కన నిలబడ్డ మేనేజరు చేతిలో పెట్టాడు. ఆయన నన్ను పిలిచాడు.

"ఇదేం పుస్తకం?" ఇంగ్లీషులో అడిగాడు.

"రష్యా గురించి సార్."

"కమ్యూనిస్టు పుస్తకమా?"

కాదు అని చెప్పాలి. ఇది వాళ్ళ ఘోరాలను బయటపెట్టిన పుస్తకం అని చెప్పాలి. అది విని ఆయన పుస్తకం తిరిగి ఇచ్చేసేవాడేమో, ఆఫీసరుతో కలిసి నవ్వేవాడేమో. కానీ కాదని చెబితే నీకెలా తెలుసంటాడు. చదివానంటే ఎవరిది అంటాడు. నాదంటే, తెచ్చిందీ నువ్వే, వాళ్ళను నీడలో కూర్చోబెట్టిందీ నువ్వేనా అంటాడు. ఇదంతా ఊపిరి తీసుకునేంతలో నా బుర్రలో తిరిగింది. దాని అడుగున ఇంకేదో కూడా కదిలింది, శుక్రవారాల గురించిన ఒక చిన్న నీచమైన సంతోషం. అది ఉందని మీకు చెప్పకుండా ఉండలేను.

"తెలియదు సార్. నేను చదవలేదు" అన్నాను.

వెనకనుంచి కరీం భాయ్ గొంతు. "బోలో బాబూ. బోలో నా." చెప్పు బాబూ, చెప్పవా అని. సిపాయి అటు తిరిగేసరికి ఆగిపోయాడు.

"ఎవరిదో అడుగు" అన్నాడు మేనేజరు.

రాజలింగం దగ్గరికి వెళ్ళాను. బనీను మీద ఉన్నాడు. "అన్నా, ఈ పుస్తకం ఎవరిదని అడుగుతున్నరు" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. కోపం లేదు.

"నాదే అని చెప్పు" అన్నాడు.

నేను మేనేజరు వైపు తిరిగి, "తనదేనంటున్నాడు సార్" అన్నాను.

ఇప్పుడు మీరే చూడండి ఆ మాటను. నాదే అని చెప్పు. పుస్తకం నాదేనని వాళ్ళకు చెప్పు, నేను భరిస్తాను అన్నాడా? లేక, నాదే అని నువ్వు చెప్పు, నీ నోటితో ఒప్పుకో అన్నాడా? మన భాషలో ఆ మాట రెండువైపులా తిరుగుతుంది. నేను నాకు కావలసిన వైపు తిప్పి ఇంగ్లీషులో పెట్టాను. రెండో అర్థం ఉందని అప్పుడు తట్టలేదని కొన్నాళ్ళు నన్ను నేను నమ్మించుకున్నాను. తట్టింది. అప్పుడే తట్టింది.

రాజలింగాన్ని చొక్కా వేసుకోనిచ్చారు. చెప్పులు వేసుకోనివ్వలేదు. బండి రోడ్డెక్కాక దుమ్ము చాలాసేపు అక్కడే నిలబడింది. వరసలో ఎవరూ తల ఎత్తలేదు. మేనేజరు నా భుజం తట్టి, తెలివైనవాడివన్నాడు. వారంలోపే నన్ను ఏసీ ఉన్న ఆఫీసు గదికి మార్చారు. కరీం భాయ్ ఆ రోజు నుంచి నాకు వడ్డించలేదు. గిన్నె నా వైపు తోసి లోపలికి వెళ్ళిపోయేవాడు. శుక్రవారాలు ఎవరి రూమ్‌లో వాళ్ళు పడుకునేవారు.

ఆఫీసులో అడిగితే ఆయన్ని ఇండియాకు పంపేశారన్నారు. అంతకుమించి అడగలేదు. మరుసటి సంవత్సరం సెలవుకు వచ్చినప్పుడు ఆయన సామాన్ల పెట్టె తీసుకుని మెట్‌పల్లి వెళ్ళాను. ఆయన భార్య సత్తెమ్మ గడప మీదే కూర్చుని ఉంది. ఆయనను మస్కట్‌లో కొన్ని నెలలు ఉంచి, బొంబాయి విమానం ఎక్కించారట. అవి ఎమర్జెన్సీ రోజులు. బొంబాయిలో దిగగానే మన పోలీసులు తీసుకున్నారట. పాత కేసు ఒకటి ఎలాగూ ఉంది, ఇప్పుడు దానికి రష్యా పుస్తకం తోడైంది. వరంగల్ జైలులో ఉన్నాడంది. "అందరు మొఖం చాటేసిన్రు, నువ్వొక్కనివే వచ్చినవు తమ్మీ" అంది. మంచినీళ్ళిచ్చింది. తాగాను.

ఎమర్జెన్సీ పోయాక ఆయన బయటికొచ్చాడు. ఆ తరవాత ఒకే ఒక్కసారి చూశాను, మెట్‌పల్లి బస్టాండులో. కుడిచేతి వేళ్ళు ముడుచుకోవు. ఏ దేశంలో అలా చేశారో చెప్పలేదు, నేను అడగలేదు. సుత్తి పట్టలేక రైసుమిల్లులో వాచ్‌మన్‌గా ఉన్నాడు. ఎడమచేత్తో చాయ్ గ్లాసు పట్టుకుని, "నేను పోయినంక నిన్నేమన్న అడిగిన్రా?" అన్నాడు.

"లేదన్నా."

"మంచిది" అన్నాడు. బస్సు వచ్చింది, ఎక్కాను. కిటికీలోంచి చూస్తే ఆయన నా వైపు చూడటం లేదు. ఆ 'మంచిది' నన్ను వదిలేసిన మాటో, నా లెక్క తేల్చేసిన మాటో, ఇప్పటికీ నాకు తెలియదు. మళ్ళీ వెళ్ళాలనుకుంటూనే మస్కట్ తిరిగి వెళ్ళిపోయాను. అక్కడే చాలా ఏళ్ళు ఉన్నాను. నేను అక్కడ ఉండగానే ఆయన ఇక్కడ పోయాడు.

పోయిన నెల వాళ్ళ మనవడి పెళ్ళికి పిలిచారు. సత్తెమ్మ ముసలిదైపోయింది. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తూ, "మా ఇంటాయన మస్కట్ దోస్తు. కష్టంల ఇడిసిపెట్టని మనిషి" అంది. అందరూ నాకు దండం పెట్టారు. నేను తిరిగి పెట్టాను. విస్తరి ముందు కూర్చుని, వడ్డించినదంతా తిన్నాను. ఆమెకు చెప్పాలా? చెబితే నాకు తేలికవుతుంది, ఆమెకు ఉన్న ఒక్క మంచి మాటా పోతుంది. చెప్పకపోతే ఆమె గౌరవించేది ఒక దొంగను. ఈ రెంటిలో ఏది పిరికితనం కాదు? నాకు తేలలేదు. ఇంటికొచ్చాను.

మీకు చెబుతున్నాను. ఆ పుస్తకం నాది. నేను దాన్ని చదివాను. అందులో ఏముందో నాకు బాగా తెలుసు. రాజలింగం ఎవరినీ రెచ్చగొట్టలేదు. తన గుండె పగిలే సంగతి పైకి చదివాడు, అంతే.

దీనివల్ల ఆయన వేళ్ళు ముడుచుకోవు. నన్ను క్షమించమని అడగడం లేదు, అడగడానికి మీరు ఆయన కారు. పక్కగదిలోంచి మా కోడలు భోజనానికి పిలుస్తోంది. ఇన్నేళ్ళలో మొదటిసారి, అడిగినదానికి అడిగినట్టు జవాబు చెప్పిన మనిషిలా లేచి వెళుతున్నాను. అంతకన్నా ఏమీ కాదు.