బీరువాలో బందీ అయిన వైఫై

బుక్కరాయసముద్రంలో బోరు మోటార్లు బాగుచేసే జయరాజుకు ఒకటే గర్వం: ఆగిపోయింది ఏదైనా తన చెయ్యి పడితే తిరగాల్సిందే. ఇంట్లో టీవీ మాత్రం ఆయన్ని తిరకాసులో పడేసింది. అక్కడ బొమ్మ ఆగిపోయి, దాని మీద తెల్ల చక్రం ఆగకుండా తిరుగుతోంది.

ఆ ఆదివారం భార్య సువార్త చెల్లెలు ఎలిజబెత్ కోచింగ్ ఇచ్చిన ఆడపిల్లల కబడ్డీ జట్టు ఫైనల్ ఆడుతోంది. యూట్యూబ్‌లో లైవ్. "మా ఇంట్లో పెద్ద టీవీ ఉండాది, అందరూ రండప్పా" అని జయరాజు వీధంతా పిలిచేశాడు.

పొద్దున పెట్టి చూస్తే చక్రమే. ఇంటర్నెట్ ఆఫీసుకు ఫోన్ చేసి తిట్టాడు. మిద్దెక్కి, కాలే ఎండలో వైరంతా తడిమాడు. దిగొచ్చి ఫ్రిజ్జు ఆపేశాడు.

"ఫ్రిజ్జుకూ దీనికీ ఏం సంబంధం?" అంది సువార్త.

"లోడు తగ్గతాదిలే. నీకు తెలీదు."

తనకూ తెలియదు. కానీ మెకానిక్ అయినవాడు ఆ మాట ఎట్లా అంటాడు?

సాయంత్రం ఇల్లు నిండింది. బొమ్మ కాస్త కదిలి, మళ్లీ ఆగుతోంది. స్కోరు సమానం. ఎలిజబెత్ జట్టు పాప ప్రత్యర్థి మీదికి దూకింది. చక్రం.

"పట్టిందా లేదా? చెప్పప్పా జయరాజూ!" పక్కింటి తిమ్మక్క అరిచింది.

అప్పుడే ఇంటర్నెట్ ఆఫీసు నుంచి జోయల్ వచ్చాడు. "పెట్టె యాడుందన్నా?"

జయరాజు ఠీవిగా పడకగదిలోని ఇనుప బీరువా తాళం తీసి తెరిచాడు. దుమ్ము పడకూడదని తనే వెనక డ్రిల్లుతో తూటు కొట్టి, వైర్లు లోపలికి తీసి, వైఫై పెట్టెను సువార్త పట్టుచీరల మధ్య కూర్చోబెట్టాడు.

"ఇనుప బీరువాలో పెట్టి బీగమేస్తే సిగ్నల్ బయటికి యాడొస్తాదన్నా?"

నీళ్లు వదిలే గేటు వాల్వు తిప్పకుండానే, మోటారు చెడిందని మోసుకొచ్చే రైతులను తను ఎన్నిసార్లు ఎగతాళి చేశాడో జయరాజుకు గుర్తొచ్చింది. వాళ్లు నయం. వాల్వు మూసి, దానికి తాళం వేసినవాడు ఎవడూ లేడు.

జోయల్ పెట్టెను బయటికి తీసి గూట్లో పెట్టాడు. బొమ్మ కదిలింది. చివరి ఐదు నిమిషాలు వీధంతా గొంతు చించుకుంది. అయినా జట్టు రెండు పాయింట్లతో ఓడింది.

కాసేపటికి ఎలిజబెత్ ఫోన్. ఏడుస్తూనే అడిగింది, "చూసినావా బావా?"

మొత్తం చూశానని చెప్పబోయి, జయరాజు ఆగాడు. "చివరి ఐదు నిమిషాలే చూసినామ్మా. ముందరి ఆటంతా నేనే బీరువాలో పెట్టి బీగమేసినా."

కథంతా విన్న ఎలిజబెత్ ఏడుపు మధ్యలోనే పకపకా నవ్వింది. "మళ్లీ చెప్పు బావా" అంటూ ఫోను పక్కనున్న జట్టు పిల్లలకిచ్చింది. జయరాజు మొదటినుంచీ చెప్పాడు, ఈసారి ఫ్రిజ్జుతో సహా.