రెండో నంబరు తెర

పొద్దున వేసుకున్న తెల్లచొక్కా మధ్యాహ్నానికి కావిరంగుకు తిరిగే రోజులవి. బళ్ళారి చుట్టుపక్కల ఇనప ఖనిజం తప్ప వేరే మాట ఉండేది కాదు. మా సిరిగేరిలో వరి నాట్ల గురించి మాట్లాడుకునే వాళ్ళు కూడా టిప్పర్ల గురించే మాట్లాడుకునేవాళ్ళు. ఆ ఊపులో, కంప్యూటరు డిప్లొమా ఒకటి పట్టుకుని నేనూ కౌల్ బజార్‌లో ఒక లారీల ఆఫీసులో చేరాను. నా తెలివి చూసి ఇచ్చిన ఉద్యోగం కాదు. దోణిమలై కొండ దారిలో ఆ ఆఫీసు వాళ్ళ కాటా మీద లారీలు తూచే మా మేనమామ, పిల్లోడికి నాదీ పూచీ అని ధణితో చెప్పాడు. (ధణి అంటే యజమాని. పేరు పెట్టి పిలిచే ధైర్యం ఆయన తల్లికి తప్ప ఎవరికీ లేదు.) ఆర్నెల్లు చూసి పర్మనెంటు చేస్తానన్నాడాయన. నాలుగు నెలలకే నేను లైనక్స్‌ను కనిపెట్టింది నేనే అన్నట్టు నడిచేవాడిని.

ఆఫీసులో లైనక్స్ మీద నడిచే ఒక పెద్ద కంప్యూటరు. కొండమీద మామ ముందున్న కంప్యూటరు డబ్బా, దానికోసమే వేసిన ఫోను లైను మీద దీనికి కలిసేది. ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, నా పాండిత్యం చూపించుకోవాలి. వెనకటికి ఇలాంటి కంప్యూటరుకు తెరా కీబోర్డూ ఉన్న టెర్మినల్‌ను నిజంగా తీగతో కట్టేవాళ్ళు. ప్రోగ్రాములు దానికే అలవాటు పడ్డాయి. తర్వాత తీగ పోయింది గానీ అలవాటు పోలేదు. అందుకని సిస్టమ్ ఒక ఉత్తుత్తి టెర్మినల్‌ను తయారుచేస్తుంది. సూడో టెర్మినల్ అంటారు. దానికి రెండు కొసలు. ఒక కొసను దూరం నుంచి వచ్చిన కనెక్షన్‌ను చూసుకునే ప్రోగ్రాము పట్టుకుంటుంది, రెండో కొస దగ్గర మా తూకం ప్రోగ్రాము కూర్చుంటుంది. మామ నొక్కిన అక్షరం ఈ కొసలో పడి ఆ కొసలో తేలుతుంది, జవాబు అదే దారిన వెనక్కి పోతుంది. తూకం ప్రోగ్రాము మాత్రం తన ఎదుట నిజమైన తెరే ఉందని పాపం నమ్ముతుంది. ఇలా లాగిన్ అయి లోపలికి వచ్చిన వాళ్ళకు ఖాళీగా ఉన్న నంబర్లలో చిన్నది ఇస్తారు. మామది రోజూ రెండు. ఆ నంబరు పేరుతో ఒక ఫైలు ఉంటుంది. అందులోకి నేను ఏదన్నా రాస్తే నేరుగా మామ తెర మీద పడుతుంది, తూకం ప్రోగ్రాముకు తెలియను కూడా తెలియదు. (ఇలా రాయడానికి కావలసిన, సిస్టమ్ మొత్తానికీ తాళంచెవి లాంటి రూట్ పాస్‌వర్డు నా దగ్గరే ఉండేది. ఆ వయసు వాడికి ఇవ్వకూడని వస్తువు.)

మామ తెల్లారకముందే బస్సు పట్టుకునే మనిషి, మధ్యాహ్నం రాగిముద్ద తిన్నాక కునుకు ఆగేది కాదు. ధణికేమో చెప్పకుండా కొండకు పోయి తనిఖీ చేయడం సరదా. కునుకు తీస్తూ దొరికిన ఇద్దరిని అప్పటికే ఇంటికి పంపాడు. ఫోను చేద్దామంటే అది ధణి గదిలో ఉంది, ఆయన లేనప్పుడు అందులోకి పోకూడదు. అందుకని జీపు కదిలినప్పుడల్లా నేను రెండో నంబరుకు 'ధణి బయల్దేరినాడు, లెయ్ మామా' అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, చివర రెండు బీప్‌లు తగిలించేవాడిని. నాకు నేనే పుట్టించుకున్న ఆలోచన అది, మామ అడగలేదు. ధణి చేరేసరికి మామ మొహం కడుక్కుని, బల్ల తుడిచి, లేచి నిలబడి ఉండేవాడు. నెలన్నర బాగానే సాగింది.

ఒకరోజు మధ్యాహ్నం జీపు కదిలింది. నేను జీపును చూశాను గానీ అందులో ధణి ఉన్నాడో లేడో చూడలేదు. డ్రైవరు డీజిలు పట్టించుకురావడానికి పోయాడట. దానికి కాస్త ముందే కొండ లైను తెగి, మామ కనెక్షను పోయి, రెండో నంబరు ఖాళీ అయింది. సరిగ్గా అప్పుడే ధణి తన గదిలోని తెర ముందు కూర్చుని, నేనే వారం రోజులు కూర్చోబెట్టి నేర్పిన ప్రకారం, లోడ్ల పట్టిక చూద్దామని లాగిన్ అయ్యాడు. సిస్టమ్ న్యాయంగా రెండో నంబరు ఆయనకిచ్చింది. నేను ధీమాగా రాసేశాను. ధణి గది తలుపు అవతల రెండు బీప్‌లు వినపడ్డాయి. 

ధణి తలుపు తీసి చాలా మామూలుగా అడిగాడు.

"నేను బయల్దేరినానంట గదా. యాడికప్పా?"

గదిలో నిలబెట్టి అంతా చెప్పించాడు. రెండు కొసలు, నంబర్లు, ఫైలు, అన్నీ చెప్పాను. ఆయన మీసం దువ్వుకుని, "లాడ్జి రూము మాదిరి అను. ఉన్నోడు ఖాళీ చేసి పోయినాడు, నువ్వు చూడకుండా తలుపు కింద చీటీ తోసినావు" అన్నాడు. నేను నాలుగు నెలలు పుస్తకాలు తిరగేసి నేర్చుకున్నది ఆయన ఒక్క మాటలో తేల్చేశాడని అంత భయంలోనూ నాకు రోషం వచ్చింది. తక్కినవాళ్ళకు ఇన్నాళ్ళూ మామను చూసి నేర్చుకోమని చెప్పానే అని ఆయన బాధపడ్డాడు. తప్పంతా నాదేననీ, పంపిస్తే నన్నే ఇంటికి పంపమనీ బతిమాలుకున్నాను. ధణి మాత్రం, మామ ఇప్పుడు ఏ రూములో ఉన్నాడో చూడమన్నాడు. లోపల ఎవరెవరు ఉన్నారో సిస్టమ్‌ను అడిగితే, లైను మళ్ళీ వచ్చి మామ మూడో నంబరులో ఉన్నట్టు చూపించింది. ధణి ఒక్కొక్క అక్షరమే చెప్పి నాచేత రాయించాడు: 'మామా, ధణికి తెలిసిపోయింది, ఫోన్ చెయ్.'

నిమిషంలో ఫోను మోగింది. ధణి రిసీవరు ఎత్తి నోరు మెదపకుండా చెవి దగ్గర పెట్టుకున్నాడు. కాటా దగ్గర లారీల రొదలో అరిచి మాట్లాడటం మామకు అలవాటు, అందుకే గదంతా వినపడింది.

"ఒరే, ఇను. రాయమని నేనే చెప్పినానని ధణితో చెప్పు. నీకేం తెలీదను. నా పని పోతే పోనీరా, నీది పోగూడదు. మీయమ్మకు నేను మాటిచ్చినా. ఇనపడతాండాదా?"

ధణి నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

"ఇనపడతాండాదప్పా," అన్నాడు ధణి ఫోనులో. "ఎవరి పనీ పోదు గానీ, ముందు మొహం కడుక్కో."

అవతల రిసీవరు కింద పడిన చప్పుడు వినిపించింది. మర్నాటి నుంచి మామ అన్నం తిన్నాక అరగంట కాటా దగ్గర వేరే మనిషిని పెట్టారు. నా దగ్గరున్న పాస్‌వర్డును ఆఫీసు గుమస్తాకిచ్చారు (ఆయన దాన్ని మరిచిపోకుండా గోడ మీద రాసుకున్నాడు). నేను పర్మనెంటయ్యాను, నెల ఆలస్యంగా.

ఇప్పుడు బెంగళూరులో రోజుకు పది తెరలు తెరుస్తాను. ఎవరు ఏ నంబరులో ఉన్నారో చూసుకోనిదే ఒక్క అక్షరం రాయను. మంచి అలవాటే. కానీ ఆ రోజు కూడా నేను చూసుకునే రాసి ఉంటే మామ నోట 'నీది పోగూడదు' అన్న ఆ మాట వినేవాడినే కాదు. ఎదురుపడితే ఆయన నన్ను సోంబేరి అని తిట్టడం తప్ప బతికినన్నాళ్ళూ ఒక్క మంచి మాట అనలేదు.